14:20కే ఆ సంగతి ఎలా తెలిసింది? ఒక సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో లాజిక్ వెతికిన కేసు

నా పనేంటని ఎవరైనా అడిగితే "కథల్లో తప్పులు వెతుకుతాను" అంటాను. వెంటనే అందరూ అడిగేది ఒకటే: గ్లాసులో నీళ్ళు ఒక షాట్‌లో నిండుగా, తర్వాతి షాట్‌లో సగానికి ఉంటాయి చూడండి, అలాంటివేనా అని. అలాంటివీ చూస్తాను. కానీ గ్లాసులో నీళ్ళు తగ్గాయని సిరీస్ చూడటం మానేసిన మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. మానేసేవాళ్ళు వేరే కారణానికి మానేస్తారు. ఈ కేసులో ఆ వేరే కారణం ఎక్కడ దొరికింది, ఎలా దొరికింది, దాన్ని సరిచేసే హడావుడిలో నా పరువు ఎలా పోయింది, అన్నీ దాచకుండా రాస్తున్నాను.

సిరీస్ పేరు చెప్పను. ఎనిమిది ఎపిసోడ్లు. గురుగ్రహం చుట్టూ తిరిగే కాలిస్టో అనే ఉపగ్రహం మీద ఒక స్థావరం, అందులో ఆరుగురు: కమాండర్, డాక్టర్, ఇంజనీర్, ఇద్దరు సైంటిస్టులు, అందరికన్నా చిన్నది ఒక టెక్నీషియన్ అమ్మాయి. కథ మొత్తం 41 రోజుల్లో జరుగుతుంది. కాలిస్టోని ఎంచుకోవడంలోనే రైటర్ బుర్ర పెట్టాడని తెలుస్తోంది. గురుగ్రహానికి ఇంకా దగ్గరగా తిరిగే యూరోపా అనే ఉపగ్రహం మీద రేడియేషన్ రోజుకు సుమారు 5.4 సీవర్టులు, అంటే రక్షణ లేకుండా ఒక్కరోజు బయట ఉన్నా ప్రాణాల మీదికి వస్తుంది. కాలిస్టో గురుగ్రహం చుట్టూ ఉండే ఆ రేడియేషన్ బెల్టులకి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ స్థావరం కట్టారంటే నమ్మొచ్చు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, లాజిక్ మిస్సయిన సిరీస్ అనగానే రైటర్‌కి ఏమీ తెలియదనుకుంటారు. ఇక్కడ రైటర్‌కి అన్నీ తెలుసు. అయినా చిల్లు పడింది.

నన్ను పిలిచేటప్పటికి షూటింగ్ అయిపోయింది. రఫ్ కట్ (తొలి ఎడిటింగ్) రెడీగా ఉంది, గ్రాఫిక్స్ ఇంకా పూర్తి కాలేదు, డబ్బింగ్ మిగిలి ఉంది, మిగిలిపోయిన చిన్న షాట్లు తీసుకునే అరరోజు ప్యాచ్ వర్క్‌కి మాత్రం అనుమతి ఉంది. రైటర్ ఫోన్ చేసి చెప్పింది ఒక్క ముక్క: "ఎనిమిదో ఎపిసోడ్ ఎందుకో నమ్మబుద్ధి కావట్లేదండీ. చూసినవాళ్ళందరూ అదే అంటున్నారు, ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు."

చూసినవాళ్ళకి నమ్మబుద్ధి కాకపోయినా ఎక్కడో చెప్పలేకపోతున్నారంటే, నా అనుభవంలో తప్పు ఆ ఎపిసోడ్‌లో ఉండదు. వెనకెక్కడో ఉంటుంది.

ముందు క్లైమాక్స్ ఏంటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. స్థావరంలో జరిగే డ్రిల్లింగ్ ప్రాజెక్టు రద్దు చేస్తున్నామని భూమ్మీది కేంద్రం 14:00 గంటలకి ప్రకటిస్తుంది. స్థావరంలో గడియారాలన్నీ భూమి కేంద్రం టైమ్ ప్రకారమే నడుస్తాయి. భూమికీ గురుగ్రహానికీ మధ్య రేడియో సిగ్నల్ ఒకవైపు వెళ్ళడానికే ఆ రెండు గ్రహాలూ ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి సుమారు 33 నుంచి 54 నిమిషాలు పడుతుంది. కథలో దాన్ని 46 అని పెట్టుకున్నారు. అంటే ఆ కబురు కాలిస్టో చేరేది 14:46కి. ఐదో ఎపిసోడ్‌లో ఆలస్యంగా భోజనాలకి కూర్చున్నప్పుడు, గోడ గడియారం 14:20 చూపిస్తుండగా, ఇంజనీర్ పంపు రిపేరు మాట వచ్చి "ఎలాగూ పెట్టే బేడా సర్దుకునేవాళ్ళమే కదా, దీనికి కొత్త వాషర్ ఎందుకు దండగ" అంటాడు. ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదో ఎపిసోడ్‌లో కమాండర్ అతన్ని పట్టుకునేది ఆ ఒక్క మాటతోనే: "వెలుతురుకే నలభై ఆరు నిమిషాలు పట్టింది. నీకు ఇరవై నిమిషాల్లో ఎలా తెలిసింది?" అతనికి రద్దు సంగతి ముందే రహస్యంగా చేరింది, డ్రిల్లింగ్ చెడగొట్టింది అతనే.

ఎంత చక్కటి క్లూ! నిజం చెప్పాలంటే చదవగానే అసూయ పుట్టింది. ఫిజిక్సే ఇక్కడ సాక్షి. ఎవడూ కొనలేని సాక్షి. ఇలాంటి క్లైమాక్స్ ఎందుకు నమ్మబుద్ధి కావట్లేదు మరి?

రంగు కాగితాలు

నేను రఫ్ కట్ చూడలేదు, ముందు రంగు కాగితాలు అడిగాను. తెలియనివాళ్ళ కోసం: హాలీవుడ్ పద్ధతిలో స్క్రిప్ట్ ఫైనల్ అయ్యాక మార్పులు చేస్తే, మారిన పేజీలు మాత్రం వేరే రంగు కాగితం మీద వస్తాయి. మొదటిది తెలుపు, ఆ తర్వాత నీలం, గులాబి, పసుపు, ఆకుపచ్చ, ఇలా వెళ్తుంది వరస. ఈ టీమ్ కూడా అదే పాటించింది. ఇప్పుడంతా ఫైళ్ళే అయినా రంగు పేర్లు మాత్రం ఉంచుకున్నారు.

తెల్లపేజీల్లో పెద్ద తప్పులు అరుదు. రైటర్ నెలల తరబడి ఆ కథని తలలో తిప్పుకుని ఉంటాడు, ఎక్కడ ఏ తీగ ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు. షెడ్యూల్ గొడవల వల్లో, ఆర్టిస్ట్ డేట్ల వల్లో, డైరెక్టర్‌కి రాత్రి నిద్రపట్టక వచ్చిన ఐడియా వల్లో నీలం పేజీ పుడుతుంది. అది ఆ సీన్‌ని బాగు చేస్తుంది. నాలుగు ఎపిసోడ్ల అవతల ఇంకో సీన్ దీని మీద ఆధారపడి ఉందని ఆ రాత్రి ఎవరికీ గుర్తుండదు. పాత బట్టకి అతుకు వేస్తే అతుకు చిరగదు, దాని పక్కన బట్ట చిరుగుతుంది. అందుకే నేను మొత్తం స్క్రిప్ట్ చదవడం కన్నా మారిన పేజీలు, వాటి పాత రూపాలు పక్కపక్కన పెట్టుకుని, 'ఈ మార్పు వల్ల ఎవరికి ఏది ముందే తెలిసిపోయింది, ఎవరికి ఏది తెలియకుండా పోయింది' అని చూస్తాను.

దానికోసం ఒక పట్టిక వేస్తాను. పేరు ఏమీ లేదు, 'ఎవరికి ఏం తెలుసు' అని పైన రాసుకుంటా. అడ్డంగా మనుషులు, నిలువుగా సీన్లు, కథ జరిగిన టైమ్ ప్రకారం, స్క్రీన్ మీద వచ్చే వరస ప్రకారం కాదు. ఒక్కో రహస్యానికీ ఒక పట్టిక. ఆ రహస్యం ఆ మనిషికి తెలిసినట్టు తెరమీద చూపిస్తేనే టిక్కు. 'ఎవరో చెప్పే ఉంటారులే' అన్నదానికి టిక్కు లేదు, ప్రశ్నార్థకం పెడతా. ఈ సిరీస్‌కి మూడు పట్టికలు అయ్యాయి, కానీ పనికొచ్చింది ఒక్కటే, రద్దు వార్తది.

గంటన్నరలో మొదటిది తగిలింది.

తెల్లపేజీల్లో వరస ఇది: భోజనాలు 14:20, వార్త రావడం 14:46, ఆ తర్వాత డాక్టర్ ఆ టెక్నీషియన్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని "ఇంకెన్నాళ్ళులే, ఇంటికెళ్ళిపోతాం" అని ఓదార్చడం. నీలం పేజీల్లో ఆ ఓదార్పు సీన్‌ని భోజనాలకి ముందుకి జరిపారు. కారణం సబబే, ఎపిసోడ్ చివర వరసగా రెండు ఏడుపు సీన్లు పడి బరువైపోయింది. కానీ డైలాగ్ ఎవరూ మార్చలేదు. దాంతో ఏమైంది? ఇంజనీర్ కన్నా ముందే, మధ్యాహ్నం రెండు కూడా కాకుండానే, డాక్టర్‌కి ఇంటికెళ్ళిపోతున్నామని తెలుసు! కమాండర్ లాజిక్ ప్రకారం అయితే ముందు అరెస్టు చేయాల్సింది డాక్టర్‌ని. చూసినవాళ్ళు ఇది పాయింట్‌గా చెప్పలేకపోవచ్చు. కానీ లోపల ఎక్కడో "ఆ మాట ఇంకెవరో కూడా అన్నారే" అని గుచ్చుకుంటూ ఉంటుంది.

రైటర్‌కి ఫోన్ చేశాను. రెండు సెకన్లు మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు, ఆ నవ్వు ఎలాంటిదో ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుసు.

అమ్మ ఫోన్

అయితే అది అసలు చిల్లు కాదు. డాక్టర్ సంగతి తేలాక కూడా నాకు ఏదో అసంతృప్తి. క్లైమాక్స్ నిలబడాలంటే ప్రేక్షకుడు ఒక్క విషయం గట్టిగా నమ్మాలి: భూమితో ఎవరూ అప్పటికప్పుడు మాట్లాడలేరు. ఆ నమ్మకం ఎక్కడ కలిగించారు అని వెనక్కి వెళ్ళాను. మొదటి ఎపిసోడ్‌లో ఒక డైలాగ్ ఉంది. మూడులో ఇంకోటి. మధ్యలో, రెండో ఎపిసోడ్‌లో, టెక్నీషియన్ అమ్మాయి వాళ్ళమ్మతో వీడియో కాల్ మాట్లాడుతుంది.

మాట్లాడుతుంది. నిజంగానే. ఇలా:

"తిన్నావా?"
"తిన్నాను."
"అబద్ధం."
(అమ్మాయి నవ్వు)
"ఆ చేతికి కట్టేంటే?"
"పైపు తగిలిందమ్మా."
"పైపు తగిలితే అంత కట్టా?"

తెల్లపేజీల్లో ఇది రికార్డు చేసిన వీడియోనే. గులాబి పేజీల్లో డైరెక్టర్ గారు 'ఎమోషన్ రావట్లేదు' అని ఎదురెదురు సంభాషణ చేశారు. ఆర్టిస్టులిద్దరూ అద్భుతంగా చేశారు, సెట్లో జనం కళ్ళు తుడుచుకున్నారట. ఆ కన్నీళ్ళ ఖరీదు ఎనిమిదో ఎపిసోడ్. ఎందుకంటే రెండో ఎపిసోడ్‌లో అమ్మతో ఆగకుండా మాట్లాడగలిగిన ప్రపంచంలో, ఐదో ఎపిసోడ్‌లో ఇంజనీర్ 14:20కి ఏదైనా తెలుసుకోగలడు. అతను ఏ సమాధానమూ చెప్పక్కర్లేదు, "ఇందాకే ఫోన్ వచ్చింది" అంటే చాలు. డైలాగులతో రెండుసార్లు చెప్పిన రూలుకన్నా ఒక్కసారి కళ్ళతో చూసిన సీన్ బలంగా నాటుకుంటుంది. ప్రేక్షకుడు 46 నిమిషాల లెక్క మర్చిపోతాడు, అమ్మ ఫోన్ మర్చిపోడు.

మీటింగ్‌లో ఒకాయన "ఏదో కొత్త టెక్నాలజీ అని ఒక లైన్ వేసేద్దాం" అన్నారు. వేస్తే ఆ టెక్నాలజీ ఇంజనీర్‌కి కూడా ఉంటుంది కదండీ అన్నాను. అసలుకే ఎసరు.

రీషూట్ లేదు. అమ్మ వేషం వేసిన ఆవిడ డేట్లు దొరకవు. ఉన్న ఫుటేజీలోనే ఆ సంభాషణని మళ్ళీ రికార్డింగ్‌గా మార్చాలి. ఎడిటర్, నేను ఆ రెండున్నర నిమిషాలు ఒక పూటంతా కూర్చుని చూశాం. ముందు ఒక పని చేశాం: అమ్మ డైలాగుల్లో, కూతురు ఏం చెప్పిందో వినకపోతే అనలేనివి ఏవి? 'చేతికి కట్టేంటే' అనలేదు, కట్టు చూడాలి కాబట్టి. 'పైపు తగిలితే అంత కట్టా' అసలే అనలేదు. ఆ రెండూ కత్తిరించాం. మిగిలినవి చూస్తే, "తిన్నావా?" ఎవరైనా అంటారు. "నాన్న అడుగుతున్నాడు ఎప్పుడొస్తావని" అంటుంది. "అబద్ధం" మాత్రం కూతురు చెప్పిన జవాబుకి వచ్చిన మాట. అది తీసేద్దామని ఎడిటర్ అన్నాడు. నాకు చెయ్యి రాలేదు.

అప్పుడు తట్టింది. ఆ అమ్మకి కూతురి సంగతి తెలుసు. "తిన్నావా?" అని అడిగి, మూడు సెకన్లు ఆగి, కూతురు 'తిన్నాను' అంటుందని ముందే తెలిసి "అబద్ధం" అని రికార్డు చేసి పంపింది. డైలాగ్ ఒక్క అక్షరం మారలేదు. వీడియో ఆగిపోతుంది, తెర మీద 'రికార్డింగ్ పూర్తయింది' అని పడుతుంది. ప్యాచ్ వర్క్‌లో ఒక్క ఇన్సర్ట్ (మధ్యలో అతికించే చిన్న క్లోజప్) తీశాం: కట్టు కట్టిన చెయ్యి మళ్ళీ ప్లే నొక్కుతుంది. వెనక నుంచి అమ్మ గొంతు "తిన్నావా?" ఈసారి కూతురు గొంతు, డబ్బింగ్‌లో కలిపింది, చిన్నగా: "లేదు." మూడు సెకన్లు. అమ్మ: "అబద్ధం."

అక్కడితో కట్. ఇది రికార్డింగే అని ఇంతకంటే గట్టిగా ఏ డైలాగూ చెప్పలేదు. డైరెక్టర్ గారికి కావలసిన ఎమోషన్ మొదటిదానికన్నా ఎక్కువే వచ్చిందని ఆయనే ఒప్పుకున్నారు, నేను గొప్ప చెప్పుకోవడం కాదు (కొంచెం గొప్పే).

ప్యాచ్ వర్క్ రోజు ఆ ఆర్టిస్ట్ లేదు, చెయ్యి వేరే అమ్మాయిది. కట్టు కుడిచేతికి కట్టి కూర్చోబెట్టారు. సీన్‌లో ఎడమచెయ్యి. కంటిన్యూటీ ఫొటో ఫోన్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. అంతకుముందు ఇంకో తమాషా: అదే సీన్‌లో ఒక షాట్‌కి చూపు దిశ కుదరట్లేదని ఎడిటర్ ఫ్రేమ్‌ని అద్దంలో లాగా తిప్పేశాడు, దాంతో కట్టు ఆ ఒక్క షాట్‌లో చేతులు మారింది. ఇలా తిప్పిన షాట్లు వెతకడానికి సులువు, గుండీలు చూడండి, పాపిట చూడండి, గోడ మీద అక్షరాలుంటే అవి చూడండి.

కిటికీలో గురుగ్రహం

మిగతావి చిన్నవి. కానీ ఒకటి నాకు భలే నచ్చింది.

చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపించినట్టే కాలిస్టో కూడా గురుగ్రహానికి ఒకే వైపు చూపిస్తుంది. కాబట్టి ఆ స్థావరం కిటికీలోంచి చూస్తే గురుగ్రహం ఉదయించదు, అస్తమించదు. మేకు కొట్టి తగిలించినట్టు ఆకాశంలో ఒకేచోట, మన చంద్రుడికి ఎనిమిదింతల వెడల్పున, అలాగే ఉంటుంది. మారేది దాని కళ మాత్రమే. అమావాస్య నుంచి పున్నమి దాకా, మళ్ళీ అమావాస్య దాకా పూర్తి చుట్టుకి దాదాపు 17 రోజులు. అంటే ఆ కిటికీ ఒక గడియారం, క్యాలెండర్ కూడా! గ్రాఫిక్స్ టీమ్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు అందంగా ఉన్న ఇమేజ్ వాడుకుంటూ పోయారు. ఐదో ఎపిసోడ్‌లో భోజనాల సీన్‌లో ఒక షాట్‌లో సగం గురుగ్రహం, అరనిమిషం తర్వాత నిండు గురుగ్రహం. సగం నుంచి నిండుకి నాలుగు రోజులు పైన పడుతుంది, అంత సేపు ఏం తిన్నారో పాపం. ఇంకో షాట్‌లో నిండు గురుగ్రహం పక్కనే సూర్యుడు మెరుస్తున్నాడు. నిండుగా కనపడాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. పున్నమి చంద్రుడినీ మిట్టమధ్యాహ్నపు సూర్యుడినీ ఒకే కిటికీలో పెట్టినట్టు.

గ్రాఫిక్స్ పూర్తి కాలేదు కాబట్టి ఖర్చు లేకుండా తీరింది. 41 రోజులకీ ఏ రోజు ఏ కళో ఒక చార్ట్ వేసిచ్చాను. ఇందులో నాకు అనుకోని లాభం కూడా వచ్చింది. రెండు సీన్లు ఏ రోజు జరుగుతాయో స్క్రిప్ట్‌లో రాయలేదు, చార్ట్ నింపడానికి రైటర్ కూర్చుని తేల్చాల్సి వచ్చింది, అప్పుడు డాక్టర్ 31 గంటలు నిద్రపోకుండా ఆపరేషన్ చేసినట్టు బయటపడింది. అది ఒక "తెల్లారి" అన్న మాటతో సర్దుకుంది.

నాలుగో ఎపిసోడ్‌లో ఇద్దరు స్టోర్ రూమ్‌లో ఇరుక్కుంటారు, "ఆక్సిజన్ మూడు గంటలకే" అని టెన్షన్. గది 40 ఘనమీటర్లు అని సెట్ డ్రాయింగ్‌లో ఉంది. మూసిన గదిలో ముందు దెబ్బకొట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. 1970లో అపోలో 13 అంతరిక్ష నౌకలో వాళ్ళకీ ఆ ఇబ్బందే వచ్చింది, ఆక్సిజన్ చాలినంత ఉన్నా ఫిల్టర్లు సరిపోక చదరపు డబ్బాలని గుండ్రటి వాటి చోట పనిచేసేలా అట్టలు, టేపుతో అమర్చుకున్నారు. మనిషి రోజుకి సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, అంటే అర ఘనమీటరు పైచిలుకు. ఇద్దరు అంత గదిలో రోజంతా ఉన్నా మూడు శాతం దాటదు. తలనొప్పి, ఆయాసం వస్తాయి. మూడు గంటల్లో అయితే జనం నిండిన, కిటికీలు మూసిన గదిలో ఉన్నంత ఉక్క, అంతే. చలి అని మార్చేద్దామంటే ఆర్టిస్టులు కాలర్లు వదులు చేసుకుని రొప్పుతున్నారు. చివరికి ర్యాక్ వెనకాల చిన్న చిల్లు, గాలి లీకవుతోంది అని డబ్బింగ్‌లో ఒక లైన్, ప్రెషర్ మీటర్ ముల్లు పడిపోతున్నట్టు ఒక ఇన్సర్ట్. పెన్సిల్ దూరనంత చిల్లు ఉన్నా మూడు గంటల్లో ఆ గదిలో ప్రెషర్ సగానికి పడిపోతుంది. రొప్పు కూడా సరిపోయింది.

వదిలేసినవీ ఉన్నాయి. కాలిస్టో మీద బరువు భూమ్మీద ఉన్నదాంట్లో ఎనిమిదో వంతే, మీటరు ఎత్తు నుంచి జారిన గ్లాసు కిందపడటానికి 1.3 సెకన్లు పట్టాలి, ఇక్కడైతే అర సెకను కూడా పట్టదు. సిరీస్‌లో అందరూ మామూలుగా నడుస్తారు, గ్లాసు మామూలుగా పగులుతుంది. దాన్ని ముట్టుకోలేదు. ప్రేక్షకుడు మొదటి ఐదు నిమిషాల్లో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు, ఇప్పుడు గుర్తుచేయడం మన తప్పు. గుర్తుచేసింది ఆరో ఎపిసోడ్: డాక్టర్ 12 మీటర్ల నుంచి పడి లేచి "ఇక్కడ బరువు తక్కువ కదా" అంటుంది. లెక్క కరెక్టే, భూమ్మీద మీటరున్నర నుంచి దూకినట్టు. కానీ కథకి అవసరమైనప్పుడే బరువు తగ్గితే చూసేవాడికి ఒళ్ళు మండుతుంది. ఎత్తు కనిపించే షాట్ తీసేయమన్నాను, ఆ డైలాగ్ కూడా. పడింది, లేచింది.

46 నిమిషాలు కూడా అంతే. 41 రోజుల్లో రెండు గ్రహాల దూరం మారుతుంది కాబట్టి ఆ అంకె కూడా మారాలి కదా అని టీమ్‌లో కుర్రాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. లెక్క వేస్తే మహా అయితే ఐదారు నిమిషాల తేడా. క్లూకి 26 నిమిషాల జాగా ఉంది. వదిలేయమన్నాను.

చూసేవాళ్ళు ఎంత క్షమిస్తారో చెప్పడానికి నేను ఎప్పుడూ స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ ఉదాహరణే ఇస్తాను. 1966లో ఒక ఎపిసోడ్‌లో సమాధి రాయి మీద కెప్టెన్ పేరు 'జేమ్స్ ఆర్. కిర్క్' అని ఉంటుంది, తర్వాత అంతా జేమ్స్ టి. కిర్క్. ఎవరూ సిరీస్ మానలేదు. 1982 సినిమాలో ఖాన్ అనే విలన్, ఓడ సిబ్బందిలో ఒకడైన చెకోవ్‌ని చూడగానే గుర్తుపడతాడు, కానీ ఖాన్ కనిపించిన 1967 ఎపిసోడ్ నాటికి చెకోవ్ పాత్ర సిరీస్‌లోకే రాలేదు. అభిమానులు ఏం చేశారు? అప్పుడు చెకోవ్ ఓడలోనే ఉన్నాడు, కెమెరా ముందుకి రాలేదంతే అని వాళ్ళే సర్దిచెప్పుకున్నారు. ఎందుకంటే ఆ గుర్తుపట్టడం మీద కథ తీర్పు ఆధారపడలేదు. మన ఇంజనీర్ విషయంలో తీర్పు మొత్తం దాని మీదే ఉంది. ఆ తేడా గమనించకుండా అన్ని తప్పుల్నీ ఒకే లిస్టులో పెట్టి పంపేవాళ్ళంటే నాకు చిరాకు.

నా వంతు

డాక్టర్ ఓదార్పు సీన్ దగ్గరికి మళ్ళీ వద్దాం. డబ్బింగ్‌లో డైలాగ్ మార్చడం కుదరలేదు, ఆ మాట దగ్గర డాక్టర్ ముఖం తెర నిండా ఉంది, పెదాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తెల్లపేజీల వరసకే వెళ్ళిపోదాం, సీన్‌ని 14:46 తర్వాతకి జరపండి అన్నాను. అందరూ సరేనన్నారు.

రెండురోజుల తర్వాత ఎడిటర్ ఫోన్. "ఒక చిన్న ఇబ్బందండీ. ఆ ఓదార్పు సీన్ చివర్లో కమాండర్ వస్తే డాక్టర్ తన బూడిదరంగు కోటు తీసి ఆవిడకి ఇస్తుంది. భోజనాల్లో కమాండర్ ఆ కోటు వేసుకునే ఉంది. ఇప్పుడు వరస మారింది కాబట్టి, ఇవ్వకముందే వేసుకున్నట్టవుతుంది."

"భోజనాల్లో ఆవిడకి డైలాగులున్నాయా?"

"లేవండీ. రెండే షాట్లు, ఊరికే వింటూ ఉంటుంది."

"తీసేయండి."

ఊరికే వింటూ ఉంటుంది. ఆ మాట చెవినపడి కూడా నాకు తట్టలేదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆవిడ అతన్ని పట్టుకునేదే ఆ విన్నదానితో! పట్టికలో కమాండర్ నిలువు వరసలో, భోజనాల గడిలో, టిక్కు ఉంది. తెల్లపేజీలు చూసి నేనే పెట్టిన టిక్కు. రంగు కాగితాలే చదవాలని అందరికీ చెప్పేవాణ్ణి, నేను చేసిన మార్పుకి రంగు వేసుకోలేదు, ఫోన్‌లో అయిపోయింది. కోటు రంగు ఎవరూ చూడరని ఈ వ్యాసం మొదట్లో నేనే అన్నాను కదా, గ్లాసులో నీళ్ళ గురించి. ఆ గ్లాసు సరిచేయడానికి సాక్షిని గదిలోంచి బయటికి పంపేశాను.

రిలీజైన మూడో రోజున ఒక ప్రేక్షకుడు రాశాడు: "అంతా బాగుంది. కానీ అతను ఆ మాట అన్నప్పుడు కమాండర్ అక్కడ లేదు కదా? ఆవిడకి ఎవరు చెప్పారు?" కింద వందలమంది, అవును కదా అని. కొందరు మాత్రం డాక్టర్ చెప్పుంటుందిలే అని సర్దిచెప్పారు. డాక్టర్ కూడా భోజనాల్లో లేదు, అని ఇంకొకరు. రైటర్ నాకు స్క్రీన్‌షాట్ పంపాడు, ఏమీ రాయలేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, తీసేయమన్నది నేనే అని. అప్పటి నుంచి ఫోన్‌లో ఒప్పుకున్న మార్పు కూడా పట్టికలో పెన్సిల్‌తో ఎక్కించి, ఆ సీన్‌లో ఉన్నవాళ్ళందరి గడులూ చెరిపి మళ్ళీ నింపుతున్నాను. టైమ్ రెట్టింపవుతోంది, డబ్బు రెట్టింపు అడగడానికి ఇంకా మొహం చెల్లలేదు.

పోయిన నెల రెండో సీజన్ తెల్లపేజీలు వచ్చాయి. మొదటి ఎపిసోడ్ తొమ్మిదో సీన్‌లో టెక్నీషియన్ అమ్మాయి ఇంకో సైంటిస్టుతో అంటుంది: "ఆ రోజు భోజనాల దగ్గర అతనన్న మాట కమాండర్‌కి చెప్పింది నేనే." బాగుంది, ఆ అమ్మాయి నిజంగానే ఆ బల్ల దగ్గర ఉంది. పట్టిక తీసి టిక్కు పెట్టబోయి ఆగాను. ఐదో ఎపిసోడ్ పన్నెండో రోజు. కమాండర్ అతన్ని పట్టుకునేది నలభయ్యో రోజు. మధ్యలో డ్రిల్లు రెండుసార్లు పేలి ఒక మనిషి కాలు పోయింది. మార్జిన్‌లో రాసి పంపాను: "28 రోజులు ఎందుకు చెప్పలేదు?" జవాబు ఇంకా రాలేదు.